పక్కింటివారు ఇల్లు మారుతున్నారు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని తెలుగులో ఒక సామెత ఉంది. మన సరిహద్దు జిల్లాల్లో తమిళంలోనూ అదే సామెతను అదే అర్థంతో చెప్పుకుంటారు. రెండు భాషల పెద్దలూ ఒక మాట మాత్రం మరిచినట్టున్నారు. ఇల్లు మారి చూడు అని ఎవరూ అనలేదు. బహుశా ఆ కాలంలో బాడుగ ఇళ్లు తక్కువేమో. ఇవాళ మా సోగత్తూరులోనైనా, ధర్మపురి పట్టణంలోనైనా, మీ ఊళ్లోనైనా ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ మొదటి వారం దాకా వీధి చివర నిలబడి చూడండి. మంచం కోళ్లు పైకి లేచి, పరుపు చుట్ట తాడుతో కట్టి, మధ్యలో ఒక బిందె మెరుస్తూ, చిన్న సరుకు బండి ఒకటి వెళుతూ ఉంటుంది. మన వైపు దానిని కుట్టియానై అంటారు కదా. ఆ గున్న ఏనుగు మీద ఒక కుటుంబం జీవితమంతా ఎక్కి పోతూ ఉంటుంది.

ఇల్లు మారడం అందరికీ ఒకే రకమైన పని కాదు. చేతిలో డబ్బున్నవారు నలుగురు కూలీలను పిలుస్తారు, సాయంత్రానికి కొత్త ఇంట్లో ఫ్యాను కింద కూర్చుంటారు. కానీ మన వీధుల్లో వేరే రకం ఇళ్లు కూడా ఉన్నాయి. భర్త బెంగళూరులో కట్టడం పనిలో ఉంటే, ఇద్దరు పసిపిల్లలతో ఇక్కడ ఉన్న అమ్మాయి ఒక ఇంట్లో. తిరుప్పూరు మిల్లుకు వెళ్లిన కొడుకు పండుగకు తప్ప రాలేని ముసలి తల్లి ఒక ఇంట్లో. పక్షవాతంతో పడుకున్న మనిషి ఉన్న ఇల్లు మరొకటి. ఇలాంటి వారికి ఇంటి యజమాని నెలలో ఖాళీ చేయమన్నాడంటే బండి బాడుగ ఒక దిగులు, సామాను ఎత్తేవారు లేకపోవడం ఇంకొక దిగులు. ఇలాంటి ఇళ్ల దగ్గరకు మన విద్యార్థులు వెళ్లి నిలబడితే ఎలా ఉంటుంది, వెళితే ఎలా వెళ్లాలి అన్నదే ఈనాటి ప్రసంగం.

ముందు కాలం సంగతి ఒకటి చెప్పి ముందుకు పోదాం. మన తెలుగువారికి ఆషాఢంలో ఇల్లు మారడం ఇష్టం ఉండదు. తమిళులకు ఆడి నెలలో ఇష్టం ఉండదు. మనది చంద్రుణ్ణి బట్టి, వారిది సూర్యుణ్ణి బట్టి. కాబట్టి ఈ రెండు నెలలూ ఒకదానితో ఒకటి సరిగ్గా కలవవు. రెండింటినీ పాటించే ఇళ్లు మన జిల్లాలో చాలానే ఉన్నాయి. అలాంటి ఇంట్లో జూన్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మంచి రోజు దొరకడం కష్టం. మార్గళి నెల వేరే ఉండనే ఉంది. యజమాని పంచాంగం చూడడు, ఆయనకు ఒకటో తేదీ ముఖ్యం. కెనడాలో మాంట్రియల్ అనే నగరం ఉంది. అక్కడ బాడుగ ఒప్పందాలు ఎక్కువ భాగం జూన్ 30తో ముగుస్తాయి. జూలై 1న సగం ఊరు ఇల్లు మారుతున్నట్టు ఉంటుంది. పూర్వం అది మే 1న జరిగేది. బడి నడుస్తుండగా పిల్లలను కదిలించకూడదని 1970ల్లో చట్టం చేసి బడి అయిపోయిన తరువాతి రోజులకు జరిపారు. మన దగ్గర చట్టం లేకుండానే అదే అలవాటు వచ్చింది. మే నెలలో బడి సెలవులు, మన విద్యార్థులకు తీరిక. ఇళ్లు మారేదీ ఎక్కువగా అప్పుడే. ఇంతకంటే మంచి ముహూర్తం ఏముంటుంది?

ఒకరి ఇంటికి ఊరంతా చెయ్యి వేయడం మనకు కొత్త కాదు. కొట్టానికి కొత్త గడ్డి కప్పే రోజున పిలవకుండానే వచ్చి నాలుగు చేతులు అందించిన కాలం మీలో పెద్దవారికి గుర్తుంటుంది. కూలి లేదు, మధ్యాహ్నం సంగటి, పులుసు ఉండేవి. ఫిలిప్పీన్స్ దేశపు పల్లెల్లో ఇది ఇంకొక అడుగు ముందుకు పోయింది. వెదురుతోనూ తాటి జాతి ఆకుతోనూ కట్టిన ఇంటిని అలాగే ఎత్తి, అడుగున బొంగులు దూర్చి, ఇరవై ముప్పై మంది భుజాల మీద మోసుకుని కొత్త చోట దింపేవారు. దానికి బాయానిహాన్ అని పేరు. చివరికి ఇంటివారు అందరికీ భోజనం పెట్టేవారు. ఐరోపాలో ఫిన్లాండ్ దేశంలో తాల్కోత్ అనే మాట ఉంది. పైకప్పు బాగు చేయాలన్నా, ఇల్లు మారాలన్నా స్నేహితులనూ ఇరుగుపొరుగునూ పిలిచి పని చేయించుకోవడం, తిండి పెట్టడం. పట్నాల్లో ఫ్లాట్లలో ఉండేవారు కూడా ఇల్లు మారేటప్పుడు ఇప్పటికీ ఇలాగే చేస్తారు.

మన ప్రాంతానికి ఇల్లు మారడం అంటే ఏమిటో కావేరి బాగా నేర్పింది. మేట్టూరు ఆనకట్ట పని 1925లో మొదలై 1934లో ముగిసింది. నీరు నిలవడంతో నది పక్కన ఉన్న ఊళ్లు మునిగాయి. ఆ ఊళ్లవారు గిన్నెలతో, గొడ్లతో, దేవుడి పటాలతో పైకి కదిలి కొత్త చోట్ల కాపురాలు పెట్టుకున్నారు. జలాశయంలో నీరు బాగా తగ్గిన ఏళ్లలో పన్నవాడి దగ్గర పాత చర్చి గోపురం, జలకంఠేశ్వరుని గుడి నంది బయటపడతాయి. చూడటానికి జనం పడవల్లో వెళతారు. నేను ఆ సంగతి చదివినప్పుడల్లా గోపురం కంటే ఇళ్ల గురించే ఆలోచిస్తాను. గుడి కదలలేదు, చర్చి కదలలేదు. మనుషులు మాత్రం తమ సామాను తామే మోసుకుని కదిలారు.

ఇక విద్యార్థుల సంగతి. జాతీయ సేవా పథకం, మనం ఎన్‌.ఎస్‌.ఎస్‌. అని పిలిచేది, గాంధీగారి శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న మొదలైంది. అప్పుడు 37 విశ్వవిద్యాలయాలు, 40 వేల మంది విద్యార్థులు. తరువాత అది పెరిగి ప్లస్ టూ బడుల దాకా వచ్చింది. నేను కాదు, నీవు అన్నది దాని ఆదర్శవాక్యం. చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఏడు రోజుల శిబిరం ఒకటి ఉంటుంది. ఈ గంటలు మన దగ్గర ఎక్కువగా దేనికి ఖర్చవుతున్నాయో మీకు తెలుసు. గుడి ఆవరణ ఊడ్వడం, మొక్కలు నాటడం, పట్టుకున్న గుడ్డ మీద నినాదం రాసి ఊరేగింపు. వీటిని నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. కానీ నాటిన మొక్కకు రెండో నెలలో నీళ్లు పోసేవారు లేక ఎండిపోయిన చోట్లు మనందరం చూశాం. ఇల్లు మారే అవ్వకు చేసిన సాయం అలా ఎండిపోదు. అదే రోజు సాయంత్రం ఆమె కొత్త ఇంట్లో పొయ్యి వెలిగించిందా లేదా అన్నది విద్యార్థి తన కళ్లతో చూస్తాడు.

ఇక్కడ ఇద్దరు అడ్డుపడతారు. మొదటివాడు సామాను మోసే కూలీ మనిషి. మా పొట్ట కొడతారా అని. ఆయన అడిగేది న్యాయమే. అందుకే బాడుగ ఇచ్చుకోగల ఇంటికి విద్యార్థులు వెళ్లకూడదు. ఉద్యోగస్థుల ఇళ్లకు, ఉపాధ్యాయుల ఇళ్లకు అసలే వెళ్లకూడదు. ప్రధానోపాధ్యాయుల ఇల్లు మారుతున్నదని పదో తరగతి పిల్లలను పంపే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. దానిని సేవ అనడం భాషకు చేసే అన్యాయం. రెండో అడ్డు మాటల్లో వినిపించదు. ఎవరి ఇంట్లోకి ఎవరు అడుగుపెడతారు, ఎవరి ఇంట్లో ఎవరు మంచినీళ్లు తాగుతారు అన్న లెక్క. బాడుగ ఇల్లు అడగడానికి వెళ్లినవారిని మీరెవరు అని అడిగే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. ఆ ప్రశ్నకు రెండు మూడు చోట్ల జవాబు చెప్పి, తల దించుకుని వెనక్కి వచ్చినవారే చాలాసార్లు మనం చెప్పుకుంటున్న అవసరంలో ఉన్న ఇరుగుపొరుగు. మీ పిల్లలు ఏ వీధికి వెళతారు అన్నది ముందే తేల్చుకోండి. మన వీధికే, మనవాళ్లకే అన్నారా, దానికి బంధుత్వం అని వేరే పేరు ఉంది.

బరువు సంగతికి ముందు ఇంకొక సంగతి చెప్పాలి. ఇల్లు ఖాళీ చేసే రోజున ఒక కుటుంబం లోపలి సంగతంతా వీధిలోకి వస్తుంది. చినిగిన బొంత, మూత లేని డబ్బా, చిల్లు పడిన సత్తు తపేలా, ఆసుపత్రి చీటీల కట్ట, తాకట్టు రసీదులు. నలుగురిలో నవ్వుతూ తిరిగే మనిషి ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనబడుతున్నదన్న సంగతి ఆ రోజున అందరికీ తెలిసిపోతుంది. పేదవారు సాయం వద్దనడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. మొండితనం కాదు, మర్యాద.

మా వైపు ఒక పెంకుటింటి నుంచి ఒక అవ్వను రెండు వీధుల అవతలికి చేర్చడానికి ఎనిమిది మంది పిల్లలు వెళ్లారు. ఇంట్లో ఉన్నదంతా కలిపి ఒక బండికి సరిపోయేది. 2011 తరువాత ప్రభుత్వం ఇంటింటికీ ఇచ్చిన మిక్సీ, గ్రైండర్, ఫ్యాను. ఒక ట్రంకుపెట్టె, ఒక నులకమంచం. వెనక కొట్టంలో కాడి ఒకటి ఉంది, సగం చెదలు తిన్నది. ఎద్దులు పోయి ఎన్నేళ్లయిందో. దీన్ని పారేద్దామా అని ఒకడు అనబోతుంటే తొమ్మిదో తరగతి పిల్లవాడు ముందుకు వచ్చి, "అవ్వా, ఇది బండిలో ముందు పెట్టమంటావా, చివర పెట్టమంటావా?" అని అడిగాడు. అవ్వ ఒక నిమిషం ఏమీ అనలేదు. తరువాత, "చివర పెట్టు నాయనా, దిగేటప్పుడు ముందు దిగుతుంది" అంది. ఆ కాడి తాతది. పారేయాలా వద్దా అన్న ప్రశ్నే రాకుండా ఆ అబ్బాయి అడిగాడు చూడండి, అది ఏ బి.ఎడ్. పుస్తకంలోనూ లేదు. ఎవరు నేర్పారురా అంటే, మా నాయనమ్మ కూడా ఇట్లాగే ఒక విరిగిన చేట దాచుకుంటుంది సార్ అన్నాడు.

కాబట్టి వెళ్లే పిల్లలకు మొదటి పాఠం ఇది. ఇంటివారు చెప్పింది తప్ప ఏదీ పారేయకూడదు. దేన్ని చూసీ నవ్వకూడదు. చూసింది బయట చెప్పకూడదు. ఫోటోలు తీయకూడదు. ఈ రోజుల్లో ఇది గట్టిగా చెప్పవలసిన మాట. సేవ చేసినట్టు రుజువు కావాలని బీదవారి సామాను ముందు నిలబడి తీయించుకున్న బొమ్మ వంద సెల్‌ఫోన్లలోకి పోతుంది. రుజువు కావాలంటే ఇంటివారి సంతకమో వేలిముద్రో ఒక కాగితం మీద చాలు.

రెండో పాఠం అప్పగింతలు. నగా నట్రా, డబ్బు, పత్రాలు ఉన్న మూట ఇంటివారి చేతిలోనే, ఒళ్లోనే ఉండాలి. పిల్లలు దాన్ని తాకకూడదు. ఎక్కడైనా ఒక ముక్కుపుడక కనబడకపోతే పిల్లవాడి పేరు వస్తుంది, ఆ పేరు పోదు. ఆడవారి బట్టల పెట్టె అమ్మాయిలే సర్దాలి. ఒక పిల్లవాడు పాత ఇంట్లో, ఒకడు బండి దగ్గర, ఒకడు కొత్త ఇంట్లో నోటుపుస్తకం పట్టుకుని నిలబడాలి. మూటలకు అంకెలు వేసి, ఎక్కిన అంకె దిగిందా అని చూడాలి. లెక్కల మాస్టారు చెప్పే పాఠం కంటే ఇది త్వరగా బుర్రకెక్కుతుంది.

బరువుల విషయంలో పెద్దవారు తోడు ఉండి తీరాలి. ఇనుప బీరువా, గ్రైండర్ రాయి చిన్న పిల్లల పని కాదు. రాయిని గ్రైండర్ నుంచి తీసి వేరుగా మోయాలి. వంగి నడుముతో ఎత్తకుండా మోకాళ్లు మడిచి, వస్తువును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవాలి. కట్టెల మోపు, పెంకుల గుట్ట, చాలాకాలం కదపని పెట్టె అడుగున తేలు ఉండవచ్చు. ముందు కర్రతో కదిపి చూడాలి. గ్యాసు బండ రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, నిలబెట్టి తీసుకుపోవాలి, పడుకోబెట్టకూడదు. ఫ్రిజ్ ఉంటే దాన్నీ నిలువుగానే మోసి, దించిన వెంటనే స్విచ్ వేయకుండా కొన్ని గంటలు ఆగాలి. పిల్లలు ఇంటి నుంచి బయలుదేరే ముందే వారి తల్లిదండ్రుల అనుమతి చీటీ తీసుకోండి.

అన్నిటికంటే చివర బండెక్కి, అన్నిటికంటే ముందు దిగే సంచి ఒకటి విడిగా కట్టండి. అందులో అగ్గిపెట్టె, దీపం, ఉప్పు, ఒక పూట బియ్యం, ఒక గిన్నె, ముసలివారి మాత్రలు, పసిబిడ్డ గుడ్డలు, తాగే నీళ్లు. మాత్రలు ఏ మూటలో ఉన్నాయో తెలియక రాత్రి పది గంటలకు పదిహేను మూటలు విప్పే బాధ తప్పుతుంది.

ఇప్పటిదాకా చెప్పింది ముందే తెలిసి మారే ఇళ్ల సంగతి. నీళ్లు తరిమితే మారవలసి వచ్చినప్పుడు నెల గడువు ఉండదు, గంట గడువు ఉంటుంది. కర్ణాటకలో కావేరి మీది జలాశయాలు నిండి నీరు వదిలినప్పుడల్లా హోగేనకల్ వైపు నది పక్కన ఉన్నవారిని పైకి పంపవలసి వస్తుంది. 2018, 2019, 2022, 2024 సంవత్సరాల్లో లక్ష ఘనపుటడుగులు దాటి నీరు వచ్చింది. ఇక 2024 నవంబరు 30న పుదుచ్చేరి దగ్గర తీరం దాటిన ఫెంగల్ తుఫాను లోపలికి వచ్చి, డిసెంబరు మొదట్లో పక్క కృష్ణగిరి జిల్లా ఊత్తంగరైలో ఒక్క రోజులో 50 సెంటీమీటర్ల వాన కురిపించింది. సముద్రం లేని జిల్లాకు తుఫాను రాదనుకున్న మనకు అది కొత్త పాఠం.

తెలుగుదేశపు తీరం ఈ పాఠం చాలా ఖరీదుగా నేర్చుకుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. 1990 మే నెలలో అదే కృష్ణా తీరానికి పెద్ద తుఫాను వచ్చింది. ఈసారి ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే ఇళ్లు కదిలించారు. ప్రాణనష్టం వెయ్యికి లోపే ఆగింది. ముందుగా కదిలించడం ఎంత పని చేస్తుందో ఈ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది. కానీ మనిషి ఎందుకు కదలడు? ప్రాణం తీపి లేక కాదు. మేక, బియ్యపు బస్తా, పిల్ల పెళ్లికి దాచిన రెండు చీరలు వదిలి రాలేక. అధికారి వచ్చి వెంటనే రండి అంటే వెనకాడే అవ్వ, నలుగురు తెలిసిన పిల్లలు వచ్చి నీ మేకను నేను పట్టుకుంటాను, నీ పెట్టె వీడు మోస్తాడు అంటే లేస్తుంది. అందుకే మామూలు రోజుల్లో ఇళ్లు మార్చడానికి వెళ్లిన పిల్లలు వరద రోజుకు పనికి వస్తారు. ఏ ఇంట్లో నడవలేని మనిషి ఉన్నారో వారికి ముందే తెలిసి ఉంటుంది. ఒక మాట మాత్రం మరవకండి. నీటిలోకి పిల్లలు దిగకూడదు. వారి పని నీరు రాకముందే.

సామాను దించేశాక పని అయిపోయిందనుకుంటారు. నా లెక్కలో అప్పటికి సగమే అయింది. మిగిలిన సగం కాగితాల పని. దానికి మన సరిహద్దు పిల్లల కంటే తగినవారు లేరు. మన ఇళ్లలో పెద్దలు తెలుగు మాట్లాడతారు, తమిళం మాట్లాడతారు, చాలామంది ఏదీ చదవలేరు. పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. బాడుగ ఒప్పందం తమిళంలో ఉంటుంది. దానిని అవ్వకు తెలుగులో చదివి వినిపించడం ఆ పిల్లలకు చేతనైన విద్య. మన రాష్ట్రంలో 2017 నాటి బాడుగ చట్టం 2019 ఫిబ్రవరి నుంచి అమలులో ఉంది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలని అది చెబుతున్నది. పాత యజమాని నుంచి అడ్వాన్సు ఎంత తిరిగి రావాలో, ఎప్పుడు ఇస్తానన్నారో కాగితం మీద పెట్టించండి. నోటిమాటగా ఇచ్చిన అడ్వాన్సు నోటిమాటగానే పోతుంది.

రేషన్ కార్డు సంగతి చూడండి. 2020 అక్టోబరులో ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతి మన రాష్ట్రానికి వచ్చింది కాబట్టి సొంత దుకాణం కాకపోయినా సరుకు అడగవచ్చు. అయినా కార్డులో చిరునామా మార్పించుకోవడమే మేలు. ఇది తెలియక పాత దుకాణానికి మైళ్లు నడిచే ముసలివారు ఉన్నారు. ముదుసలి పింఛను చేతికి తెచ్చి ఇచ్చే మనిషికి కొత్త ఇల్లు చూపించాలి. ఓటరు జాబితాకు 8వ నంబరు ఫారం. ఆధార్, గ్యాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం. ఇంట్లో బడి పిల్లలు ఉంటే, పాత బడి నుంచి బదిలీ పత్రం ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ చెబుతున్నది. అది ఎనిమిదో తరగతి దాకా వర్తిస్తుంది. తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియక నెలల తరబడి పిల్లవాడు ఇంట్లో కూర్చుంటాడు.

కొత్త ఇంట్లో పాలు పొంగించే వేళకు పిల్లలు అక్కడే ఉంటే మంచిది. ఆ పాలు పక్క ఇంటికి ఒక గ్లాసు తీసుకువెళ్లి, వీరు కొత్తగా వచ్చారు, అవ్వకు సాయంత్రం పూట కళ్లు సరిగా కనబడవు, కాస్త చూస్తూ ఉండండి అత్తా అని ఒక అమ్మాయి చెప్పి వస్తే, ఆ వీధిలో అవ్వకు ఒక మనిషి దొరికినట్టే. ఒక నెల తరువాత ఇద్దరు వెళ్లి రండి. అడ్వాన్సు వచ్చిందా, బియ్యం దొరికిందా, మాత్రలు ఎక్కడ కొంటున్నారు అని అడగండి. వెళ్లేటప్పుడు మూటల అంకెలు వేసిన నోటుపుస్తకం తీసుకువెళ్లండి. ఏదో ఒక మూట ఇంకా విప్పకుండా ఉంటుంది, దానిని అటక మీదికి ఎక్కించే మనిషి కోసం వారు ఎదురుచూస్తూ ఉంటారు.